ఎత్తు పెంచిన జీపు

నేను పశువుల డాక్టర్‌ని. ఇల్లు నిజామాబాద్‌లో, ఉద్యోగం బోధన్ దాటి రుద్రూర్ వైపు, చెరుకు తోటల మధ్య ఒక చిన్న ఆస్పత్రిలో. రైతులు కబురు పెడితే చేనుకే వెళ్లాలి. వానలు పడ్డాక ఆ బాటల్లో స్కూటీ దిగబడిపోయేది. రెండుసార్లు మోకాలి లోతు బురదలో మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచాక, మా అన్న తన పాత జీపు నాకిచ్చాడు.

అన్నకు మాక్లూర్ దగ్గర పసుపు చేనుంది. పంట ఎంత ఇష్టమో, ఆ జీపు అంతకంటే ఎక్కువ ఇష్టం. నాకిచ్చే ముందు తెలిసిన వెల్డింగ్ షాపులో దాని ఎత్తు పెంచాడు. ఇరుసు మీద బండిని మోసే కమాను పట్టీలకు ఒక్కో పట్టీ కలిపించి, వాటిని చట్రానికి కలిపే కొక్కేలు పొడుగువి వేయించి, పెద్ద టైర్లు ఎక్కించాడు.

"నాలుగించులు లేపిన చెల్లె. ఇగ ఏ ఒర్రెల దిగినా అడుగు తగలది," అన్నాడు బానెట్ మీద చెయ్యి వేసి.

తగల్లేదు, నిజమే. కానీ మొదటి వారంలోనే నాకు ఏదో తేడా అనిపించింది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావడం లేదు, నేనే తిప్పి తేవాల్సి వస్తోంది. చిన్న గుంటలో పడితే చాలు, ఎవరో లాక్కున్నట్టు నా చేతుల్లో అదే కొంచెం తిరిగేది. సాఫు రోడ్డు మీద కూడా బండి తిన్నగా పోయేది కాదు, అటో జానా ఇటో జానా జరిగేది.

అన్నకు ఫోన్ చేసి చెప్పాను.

"కొత్తల గట్లనే ఉంటది. ఎత్తు అలవాటు కావాలె గదా," అన్నాడు.

నడిపేది ఆడమనిషి కాబట్టి భయపడుతోంది అనుకుంటున్నాడేమోనని, నేను మళ్లీ అడగలేదు. అది నా తప్పు.

చెరుకు నరికే రోజులు మొదలయ్యాయి. ఒక ఉదయం ఒక రైతమ్మ ఆస్పత్రికి పరుగెత్తుకొచ్చింది. ఆమె బర్రె రాత్రి నుంచి నొప్పులు పడుతోందట, దూడ కాళ్లు మాత్రమే బయటికొచ్చాయట. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. కొంచెం వేగంగానే పోతున్నాను. ఎదురుగా చెరుకు నింపిన రెండు ట్రాలీలతో ట్రాక్టర్ వస్తోంది. ఎడమ పక్కన రోడ్డు అంచునే, మహారాష్ట్ర నుంచి నరకడానికి వచ్చిన ఆడవాళ్లు కొడవళ్లు పట్టుకుని వరసగా నడుస్తున్నారు. చంకల్లో పిల్లలు.

ఎడమ చక్రం గుంటలో పడింది. అంతే, స్టీరింగ్ ఊగడం మొదలైంది. మొదట చిన్నగా, ఆ వెంటనే పూనకం వచ్చినట్టు. ముందు చక్రాలు రెండూ అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి, బండి మొత్తం అదురుతోంది, నా మోచేతులు పక్కటెముకలకు తగులుతున్నాయి. రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నా స్టీరింగ్ నా మాట వినడం లేదు. పక్కనున్న ఆమె "డాక్టరమ్మా! డాక్టరమ్మా!" అని అరుస్తోంది. కుడివైపు ట్రాక్టర్, ఎడమవైపు ఆ ఆడవాళ్లు. బండి ఎటు పోవాలో నిర్ణయించేది నేను కాదని ఆ క్షణంలో తెలిసింది. అంత భయం నేనెప్పుడూ ఎరగను.

ఆక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాను. బ్రేకు మెల్లగా తొక్కాను. వేగం తగ్గుతుంటే ఊపు తగ్గింది. ఎడమ చక్రాలు మట్టిలోకి దిగి జీపు ఆగింది. చివరి ఆమెకూ బంపర్‌కూ మధ్య ఒక అంగ దూరం. ఆమె బిడ్డను ఇంకో చంకకు మార్చుకుని కిటికీలోకి వంగి, "కాయ్ ఝాల బాయీ?" అంది. ఏమైందమ్మా అని. కోపంగా కాదు, జాలిగా.

మిగిలిన దూరం సైకిల్ కంటే నెమ్మదిగా నడిపాను. దూడను బయటికి తీశాను. బతికింది.

ఈసారి ఫోన్ చేస్తే అన్న వచ్చాడు. టైర్లు బ్యాలెన్స్ చేయించాం, నిజామాబాద్‌లో వీల్ అలైన్‌మెంట్ చేయించాం. అయినా పోలేదు. అప్పుడు ఎవరో చెప్పారని, స్టీరింగ్ రాడ్డుకు అడ్డంగా ఊపును అణిచే షాక్‌అబ్జార్బర్ ఒకటి బిగించాడు. పది రోజులు బండి బుద్ధిగా ఉంది. పదకొండో రోజు, రైలు గేటు పట్టాలు దాటగానే మళ్లీ అదే పూనకం. ఈసారి ముందు కంటే గట్టిగా.

ఆ తర్వాత తాళం చెవి తీసుకోవడానికే భయపడేదాన్ని. దారిలో ఎక్కడెక్కడ గుంటలున్నాయో గుర్తుపెట్టుకున్నాను. స్కూలు పిల్లలు నడిచే చోటు వస్తే బండి ఆపేసి, వాళ్లు వెళ్లిపోయేదాకా కూర్చునేదాన్ని. వెనక బస్సులు హారన్ కొడుతున్నా కదిలేదాన్ని కాదు. నేను చచ్చిపోతానని కాదు నా భయం. నా చేతుల మీదుగా ఎవరో పోతారని.

బోధన్ ఊరి చివర, పాత టైర్ల గుట్ట పక్కన రేకుల షెడ్డులో ఒక ముసలి మెకానిక్ ఉన్నాడని ఒక పాల రైతు చెప్పాడు. చెరుకు తోటల్లో జీపులు తిరిగిన కాలం నుంచి ముందు చక్రాల ఇరుసుల పనే చేస్తున్నాడట. అందరూ ఆయన్ని చాచా అంటారు. ఆదివారం అన్నను వెంటబెట్టుకుని వెళ్లాను.

చాచా బానెట్ ఎత్తలేదు. స్టూలు వేసి నన్ను కూర్చోబెట్టాడు.

"చెప్పు బేటీ. ఎంత స్పీడ్ల మొదలైతది?"

"నలభై ఐదు, యాభై."

"సాఫు రోడ్డు మీద ఊర్కెనే వస్తదా, గుంతల పడితేనా?"

"గుంతల పడితేనే. ఎడమ చక్రం పడితే ఎక్కువ."

"మలుపు తిరిగినంక స్టీరింగ్ ఎన్కకు వస్తదా?"

"రాదు చాచా. ఎత్తు పెంచినప్పటి నుంచి."

ఆయన తలూపాడు. ఇన్ని నెలల్లో ఇవి నన్నడిగిన మొదటి మనిషి ఆయనే. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, దుమ్ము పడ్డట్టు తుడుచుకున్నాను.

అన్నను సీట్లో కూర్చోబెట్టి, ఇంజన్ ఆపి, చక్రాలు నేల మీదే ఉండగా స్టీరింగ్ అటూ ఇటూ కొంచెం కొంచెం తిప్పమన్నాడు. తాను కింద దూరాడు. అక్కడి నుంచి నన్ను పిలిచాడు.

"నువ్వు పశువుల డాక్టరువి గద. కంటికి కానరానిది చేతికి తెలుస్తది నీకు. రా, పట్టి సూడు."

గోనె పట్టా మీద వెల్లకిలా దూరాను. రెండు చక్రాలను కలిపే రాడ్డు చివరి కీలు మీద నా వేళ్లు పెట్టించాడు. స్టీరింగ్ తిరిగినప్పుడల్లా లోపల టక్ టక్ మంటోంది. అరిగిపోయింది. తర్వాత కమాను పట్టీ ఇరుసు మీద కూర్చునే చోట, ఆ సందులో వేలు పెట్టమన్నాడు. అన్న తిప్పాడు. నా వేలి కింద ఇరుసు వెంట్రుకవాసి జరిగింది. పట్టీ జరగలేదు. ఇరుసును బండికి పట్టి ఉంచే బోల్టులు వదులై ఉన్నాయి. ఇన్నాళ్లూ నేను దాని మీద కూర్చుని తిరిగాను.

"కొత్త పట్టీ ఏసినంక అది నొక్కుకపోతది. వారం తిరిగినంక మళ్ల బిగించాలె. బిగించిండ్రా?" అని చాచా అడిగాడు. పైన స్టీరింగ్ తిరగడం ఆగిపోయింది.

బయటికొచ్చి, ఇరుసు వాలు చూపించడానికి దారానికి నట్టు కట్టి ముందు చక్రం పక్కన వేలాడదీశాడు.

"సైకిల్ ముందు ఫోర్కు ఎన్కకు వాలి ఉంటది సూడు, గందుకే చేతులిడిసినా సీదా పోతది. దీనికి గూడ గా వాలు ఉండాలె. మీరు పొడుగు కొక్కేలు ఏసేసరికి ఇరుసు ముందుకు తిరిగింది, వాలు పోయింది. ఇగ స్టీరింగు నుంచి చక్రానికి పోయే గీ రాడ్డు సూడు, ఎత్తు పెరిగేసరికి నిచ్చెన లెక్క నిలవడ్డది. చక్రం గుంతల దిగంగనే గిది స్టీరింగును గుంజుతది." అన్న వేయించిన షాక్‌అబ్జార్బర్ మీద రెంచీతో తట్టాడు. "గిది మందు కాదు. జరమొచ్చినోని మీద దుప్పటి కప్పిండ్రు."

చేతులు తుడుచుకుంటూ అడిగాడు, "మొదలు ఎవలికి వచ్చింది ఊపు? నీకేనా?"

"నాకే," అన్నాను.

అన్న జీపు దిగాడు. నా వైపు చూడలేదు.

"నాకు వచ్చింది చాచా. షాపుల నుంచి తెచ్చిన రోజే, వాగు బ్రిడ్జి మీద. గోడకు తాకబోయింది. గుంత వల్లనే అనుకున్న."

రోడ్డు అంచున నడిచిన ఆ ఆడవాళ్లు కళ్ల ముందు కదిలారు.

"తెలిసే ఇచ్చినవా అన్నా?" అన్నాను.

"అందరికి చెప్పుకున్న చెల్లె, మస్తు చేయించిన అని. ఇగ తప్పు చేసిన అని చెప్ప నోరు రాలే. నువ్వు మెల్లగ నడుపుతవు, నీకు రాదనుకున్న."

కోపం కూడా రాలేదు, చల్లగా ఏదో దిగింది లోపల. ఆటో ఎక్కి ఇంటికొచ్చేశాను. నాలుగు రోజులు అన్న చేసిన ఫోన్లు నేను ఎత్తలేదు.

చాచా ఎత్తు సగం దించాడు. అన్న ఒప్పుకున్నాడట, ఒక్క మాట అడ్డం చెప్పకుండా. ఇరుసు వాలు తిరిగి వచ్చేలా పట్టీల దగ్గర ఏటవాలు ఇనుప పలకలు పెట్టాడు. అరిగిన కీళ్లు మార్చి, స్టీరింగ్ కింద రాడ్డును పట్టే ఇనుప చెయ్యి మార్చి, నిచ్చెనలా నిలబడ్డ ఆ రాడ్డును పడుకోబెట్టాడు, బోల్టులన్నీ కొత్తవి వేశాడు. అన్న బండి తీసుకొని మా గుమ్మం ముందుకొచ్చాడు.

"నువ్వు నడుపు. నేను పక్కకు కూసుంట. పిల్లలు నడిచే కాడికి కూడ పోదాం, నీకు నమ్మకమొచ్చేదాంక," అన్నాడు.

వారం రోజులు పసుపు ఉడకబెట్టే పని వదిలేసి, పొద్దున్నే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. స్టీరింగ్ మలుపు దాటాక తానే వెనక్కి వచ్చేది. గుంటలో పడితే ఒక్క కుదుపు, అంతే. అయినా నా చేతులు నమ్మలేదు. గుంట కనిపిస్తే చాలు వేళ్లు బిగుసుకునేవి. మూడో రోజు అలా బిగించినప్పుడు పక్కకు చూస్తే, అన్న కూడా రెండు చేతులతో ముందున్న కడ్డీని పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. బ్రిడ్జి మీద ఆయన ఒక్కడే పడ్డ భయం అప్పుడు నాకు కనిపించింది. ఆ రోజు నుంచి అన్నతో మళ్లీ మాట్లాడడం మొదలుపెట్టాను.

వారం తర్వాత చాచా దగ్గరికి వెళ్లాం. బోల్టులు ఒక్కోటి పావు చుట్టు తిరిగాయి. ఆ పావు చుట్టు చూసి ఇంకోసారి బిగించి చూడమన్నాను.

"గింతే ఉంటది. గిది మంచిదే," అన్నాడు చాచా. "భయం పోలేదా బేటీ?"

"పోలేదు."

"పోకున్నా పర్వాలే. నడుపు."

ఫోన్ మోగింది. ఒక తోటలో ఎద్దు కాలికి దెబ్బ తగిలిందట. అన్నను బస్టాండు దగ్గర దింపి, ఒక్కదాన్నే పోయాను.