లాగకుండా వచ్చిన గొట్టం

ప్రభువునందు ప్రియమైన సహోదర సహోదరీలారా, నలుగురిలో చెప్పడానికి సిగ్గుపడే సంగతే ఇది, అయినా చెప్పకపోతే మేలు మరచినవాణ్ణవుతాను. నేను బిలాస్‌పూర్ రైల్వే షెడ్డులో బ్రేకుల ఫిట్టరును. నిరుడు ఎండాకాలంలో నాకు మూత్రం బందయిపోతే ఆసుపత్రిలో రబ్బరు గొట్టం వేసి, అది జారిపోకుండా లోపలి కొనకున్న బుడగలో నీళ్లు నింపి, పది రోజులకు తీస్తామని ఇంటికి పంపారు.

ఆ పది రోజులూ కూర్చుంటే కూర్చోలేను, పడుకుంటే పడుకోలేను, క్వార్టరులో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూ డ్యూటీకి ఎప్పుడు పోతానా అని ఒకటే ఆరాటం. తీరా తీసే రోజున ఆసుపత్రికి పోతే బుడగలో నీళ్లు వెనక్కి రాలేదు, గొట్టం కదల్లేదు. కంపౌండరు "అభీ ఛోడ్ దో" అని, దాని జోలికి పోవద్దని, తఖత్‌పూర్ వెళ్లిన డాక్టరమ్మ మరునాడు వస్తుందని చెప్పాడు. కడుపు కోసి తీస్తారేమోనని భయపడ్డాను. ఇంటికొచ్చి తలుపేసుకుని, ప్రార్థనైనా చేయకుండా, నా చేత్తో నేనే లాగాను సహోదరులారా! ప్రాణం పోయినంత నొప్పి, గొట్టంలో రక్తం.

నా భార్య మరియమ్మ తలుపు తోసుకొచ్చి, "ఏటి సేస్తన్నారు? బ్రేకు ఇడపకుండా రైలు డబ్బా లాగుతారేటి? మీరేనా పిట్టరు?" అంది.

షెడ్డులో కొత్తవాళ్ల మీద ఆ మాటే అరిచేవాణ్ణి నేను. మోకరించలేక మంచంకోడు పట్టుకుని, "ప్రభువా, నా తొందరే నన్ను చంపేలా ఉంది, ఈ చేతుల్ని నువ్వే పట్టుకో" అని ఏడ్చాను. మరియమ్మ అప్పటికప్పుడే టాంగా పిలిచి నన్ను ఆసుపత్రిలో చేర్చింది.

మరునాడు డాక్టరమ్మ అసలు లాగనే లేదు. గొట్టం బయటి కొసన, బుడగలోకి నీళ్లు ఎక్కించే సన్నని దారికున్న మూత కత్తిరించింది, నీళ్లు రాలేదు. అప్పుడు ఆ సన్నని దారిలోకి వెంట్రుకంత తీగను మెల్లగా పంపింది, నేను కళ్లు మూసుకుని ప్రభువు నామమే పలుకుతున్నాను, చుక్క చుక్కగా నీళ్లు దిగి, బుడగ చప్పబడి, గొట్టం మెత్తగా జారి వచ్చింది. దేవునికే మహిమ!

కాసేపటికి నా అంతట నేనే మూత్రం పోశాను, పోస్తూ గట్టిగా స్తోత్రం చెప్పాను, బయటున్న మరియమ్మ నవ్వబోయి ఏడ్చేసింది.

సహోదరులారా, మూత్రం బందయ్యేదాకా ఈ జబ్బును రెండేళ్లు సిగ్గుతో దాచాను. మీలో ఎవరైనా అలా దాచుకుని తిరుగుతుంటే ఈ రోజే ప్రభువుకు చెప్పండి, ఇంట్లో చెప్పండి, డాక్టరుకు చూపించండి. ఈ దేహాన్ని చేసినవాడి దగ్గర మనకు సిగ్గెందుకు?