యాభై ఎనిమిదో నంబరుకు స్టెప్ మార్కులు

ఆ ఏడాది మా బేస్‌మెంట్లో అద్దెకున్న అమ్మాయిది కరీంనగర్. కెనడాలోని మా హామిల్టన్‌లో ఏ బస్సెక్కినా మన పిల్లలే కనిపిస్తున్న రోజులవి. మా తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక టీ దగ్గర పరిచయమై, ఆ నెలాఖరుకే సూట్‌కేసులతో వచ్చేసింది. డేటా అనలిటిక్స్ చదివేది. కోర్సులో భాగంగా సెప్టెంబరు నుంచి కో-ఆప్ ఉద్యోగం చేయాలి. తోటివాళ్ళందరికీ దొరికింది, ఈమెకు దొరకలేదు. చివరికి మిగిలింది ఒక్కటే: యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో ఆటగాళ్ళ పనితీరు లెక్కగట్టే పని. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే మన ఆట కాదు, బంతిని చేత్తో విసురుతూ, మనుషుల్ని తోసుకుంటూ ఆడేది. దానికీ పోటీ ఉంది. అదీ పోతే చదువు ఒక టర్మ్ వెనకబడుతుంది.

కోచ్ అందరికీ ఒకే పరీక్ష పెట్టాడు. సీజన్‌కు ముందు జరిగే సన్నాహక మ్యాచ్ చూసి, బంతి విసిరేవాడి ముందు గోడలా నిలబడే ఐదుగురికి మార్కులు వేసి తెమ్మన్నాడు.

"అంకుల్, నాకు క్రికెట్ తప్ప ఇంకోటి తెల్వదు. మీరు కూడా రండి," అంది.

నాకు తెలిసిందీ అంతంత మాత్రమే. కానీ ఇంటర్మీడియట్‌లో లెక్కలు చెప్పినవాణ్ణి, ఏటా వేసవిలో స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్ళి పేపర్లు దిద్దినవాణ్ణి. ఏ ఆటైనా దిద్దడం దిద్దడమే కదా అనుకున్నాను. రెండు సాయంత్రాలు వీడియోలు చూసి, నియమాలు డైరీ చివరి పేజీల్లో రాసుకున్నాను. మా ఆవిడ పులిహోర కలిపింది.

మ్యాచ్ పావువంతు అయ్యేసరికి ఆ అమ్మాయి షీటు నిండా సున్నాలే. బంతి ముందుకు కదలకపోతే చాలు, ఐదుగురికీ సున్నా పెట్టేస్తోంది. వాళ్ళలో యాభై ఎనిమిదో నంబరు కుర్రాడు భారీ మనిషి. ఎదుటివాడి రొమ్ము మీద రెండు చేతులూ ఆనించి అంగుళం కదలనివ్వలేదు. వెనకున్నవాడు తీరిగ్గా బంతి విసిరాడు. దూరాన అందుకోవలసినవాడు జారవిడిచాడు. యాభై ఎనిమిదికి మళ్ళీ సున్నా.

మా ఆవిడకు ఆట పట్టదు, మనుషుల్ని చూస్తుంది. "పెళ్ళిలో వంటశాల గుమ్మం దగ్గర నిలబడి, పిల్లల్ని లడ్డూల వైపు పోనివ్వని పెదనాన్నలా లేడూ? పాపం, అతను చేసిన తప్పేంటి?" అంది.

ఆ మాటతో నాకు దారి దొరికింది.

"ఇంటర్లో లెక్కకి చివరి జవాబు తప్పితే నీకు సున్నా వేశారా అమ్మా?"

"లేదంకుల్, స్టెప్ మార్కులు వేసిన్రు. వాటితోనే గట్టెక్కిన."

"మరి ఇతనికీ వెయ్యి."

అప్పటి నుంచి బంతి ఎటు పోయిందో చూడడం మానేశాం. మొదటి అడుగు సరిగ్గా వేశాడా, తనకు అప్పగించిన మనిషినే ఆపాడా, విజిల్ దాకా వదలకుండా ఉన్నాడా. ఒక్కోదానికి ఒక మార్కు. తను చూసి చెప్పేది, నేను రాసేవాణ్ణి. యాభై ఎనిమిది ఒకసారి ఎదుటివాడి చొక్కా పట్టి లాగి పెనాల్టీ తెచ్చాడు. అరమార్కయినా వెయ్యమని మా ఆవిడ వాదించింది. మేం ఒప్పుకోలేదు. మ్యాచ్ ఎవరు గెలిచారో బయటికొచ్చేటప్పుడు పక్కవాళ్ళ మాటల్లో తెలిసింది.

సోమవారం ఆ అమ్మాయి కోచ్‌ను కలవడానికి వెళ్ళింది. నేను నీళ్ళు పోసిన టమాటా మొక్కలకే మళ్ళీ పోస్తూ ఉన్నాను. తిరిగొచ్చి వంటింట్లో నిలబడి జరిగిందంతా చెప్పింది.

కోచ్ షీటు పైనుంచి కిందిదాకా చదివాడట. తర్వాత యాభై ఎనిమిది పేరు మీద వేలు పెట్టి, "ఇతను మ్యాచ్ మొత్తంలో బంతి ముట్టుకోలేదు. పాస్ ఎప్పుడు విసిరాడు?" అని అడిగాడట.

మన అలవాటు చొప్పున నూటికి ముప్పై ఐదు దాటిన ప్రతివాడి పక్కనా 'పాస్' అని రాసి ఇచ్చాం. ఆ ఆటలో పాస్ అంటే బంతి విసరడమని, నియమాలన్నీ రాసుకున్న నాకూ తట్టలేదు.

"ఇక కో-ఆప్ పోయిందనుకున్న అంకుల్. పోతే పోయిందని ముప్పై ఐదు సంగతి, స్టెప్ మార్కుల సంగతి మొత్తం చెప్పేసిన."

కోచ్ నవ్వాడట. ముప్పై ఐదు తెచ్చుకున్నవాడి దగ్గర ఇక్కడ జెర్సీ వెనక్కి తీసుకుంటాం అన్నాడట. కానీ మిగతా వాళ్ళంతా స్కోరుబోర్డు చూసి మార్కులు వేశారని, బంతి కింద పడ్డా మనిషి పనిని చూసింది నువ్వొక్కదానివేనని చెప్పి, బుధవారం నుంచే రమ్మన్నాడట.

"గ్రేస్ మార్కులు కూడా ఉంటయా అని అడిగిండు," అంది కళ్ళు తుడుచుకుంటూ.

"మీ అంకుల్ దగ్గరా? సొంత తమ్ముడికే వెయ్యలేదు," అంది మా ఆవిడ.

సీజన్ మొదటి మ్యాచ్‌కు మేమిద్దరం మళ్ళీ పులిహోరతో వెళ్ళాం. ఆ అమ్మాయి ఈసారి మైదానం అంచున, మెడలో బ్యాడ్జీతో, చేతిలో ట్యాబ్‌తో నిలబడి ఉంది. యాభై ఎనిమిది గోడలా నిలిచాడు, బంతి మళ్ళీ జారిపోయింది, జనం ఉసూరుమన్నారు. ఆమె ట్యాబ్‌లో ఏదో నొక్కి, మా వరసకేసి తలెత్తి మూడు వేళ్ళు చూపించింది.

మా ఆవిడ నాలుగు చూపించింది.