వరండాలో నీలి గసగసాల మొక్క

ముప్పై ఒక్క ఏళ్లు మండల కార్యాలయంలో వర్షపాతం నమోదు చేసినవాణ్ణి. కొలవనిదాన్ని నమ్మే అలవాటు నాకు లేదు. కనుక హిమాలయాల నీలి గసగసాల మొక్కను వనపర్తిలో పెంచడానికి పూనుకోవడం ఆవేశంలో జరిగిన పని కాదని ముందే మనవి చేస్తున్నాను. మా ఆవిడ ఆ పువ్వును టీవీలో చూసి, ఉత్తరాఖండ్ కొండలకు వెళ్లి కళ్లారా చూడాలని ఆశపడింది. ఈలోగా ఆమె మోకాళ్లు అరిగాయి. కొండలు ఎక్కవద్దని డాక్టరు చెప్పాడు. ఆ సాయంత్రం పువ్వునే ఇంటికి తెస్తానని నేను మాట ఇచ్చాను.

విత్తనాలు నవంబరు 18న పోస్టులో వచ్చాయి. లెక్కపెట్టాను: నలభై ఎనిమిది. మన వంటింటి గసగసాలకు దాయాదులే అయినా, ఒక చలికాలం చన్నీళ్ల తడిలో నిద్రపోతేగాని ఇవి మొలవవు. తడిగుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన నలభై రెండు రోజులు ఉంచాను. డబ్బా మీద "మసాలా కాదు" అని రాశాను.

డిసెంబరు 30న విత్తాను. మట్టి పెద్దమందడిలోని మా బామ్మర్ది వేరుశనగ చేను నుంచి తెప్పించి, పశువుల ఎరువు కలిపి, మూడుసార్లు జల్లెడ పట్టాను. పదకొండు మొలిచాయి. జనవరి చివరికి ఐదు మిగిలాయి. ఫిబ్రవరి 9కి రెండు. ఎండ ముదరడంతో 12వ తేదీన కూలర్‌ను వాటి వైపు తిప్పాను.

"కూలర్ మొక్కకు, ఇసనకర్ర నాకు! బాగున్నది మీ లెక్క," అంది మా ఆవిడ. అయినా రోజూ పొద్దున నాకంటే ముందు కుండీ దగ్గర నిలబడేది ఆమే.

21న ఒకటి చచ్చింది. మిగిలిన ఒక్కటి మాత్రం విజృంభించింది. కరెంటు పోయి కూలర్ ఆగినా వాడిపోలేదు. ఆకులకు నూగు ఉంటుందని పుస్తకంలో ఉంది. దీనికి ఏకంగా ముళ్లే వచ్చాయి. మన ఎండకు నూగు గట్టిపడి ఉంటుందని రాసుకున్నాను. ఇరవై రెండు సెంటీమీటర్ల ఎత్తున మొగ్గ కూడా వేసింది. ఆ రోజు మా ఆవిడ పక్కింటావిడను చేయి పట్టుకుని తీసుకొచ్చి చూపించింది.

మార్చి 14న బామ్మర్ది వచ్చాడు. కుండీ ముందు గొంతుక్కూర్చుని ఒక ఆకు తుంచాడు. పసుపుపచ్చని పాలు కారాయి.

"బావా, దీనికి కూలర్ పెట్టినవా?"

"ముప్పై రోజులుగా."

"ఇది పిచ్చికుసుమ బావా! నా చేను గట్టు నిండ ఇదే. పీకలేక పాణం పోతున్నది. నన్నడిగితే బండెడు తెస్తుంటి గద!"

నా జల్లెడ రంధ్రాల కొలత నేను రాసుకోలేదు. ఆ గింజ మట్టితోపాటే వచ్చింది. పుస్తకం తెరిచి, ఇది కూడా గసగసాల కుటుంబానిదేనని వాడికి చూపించాను.

"కుటుంబం పెద్దదే గని, మేకలు గూడ ముట్టవు బావా."

మా ఆవిడ నవ్వలేదు. లోపలికి వెళ్లిపోయింది. నేను వెనకే వెళ్లి, వచ్చే నవంబరుకు కొత్త విత్తనాలు, ఇంకా సన్నని జల్లెడ అంటూ మొదలుపెట్టాను.

"ఇగ చాలు," అంది. "ఇంకెన్నేండ్లు ఫ్రిజ్‌ల పెడతరు? నన్నే తోల్కపోండ్రి. డాక్టరు ఎక్కొద్దన్నడు గని, గుర్రం మీద కూసోవద్దన్నడా?"

డాక్టరుకు ఫోన్ చేశాను. గుర్రం మెల్లగా నడిస్తే తనకు అభ్యంతరం లేదన్నాడు. ఆ కొండల్లో యాత్రికులకు గుర్రాలు అద్దెకిచ్చేవాడికీ చేశాను. జూలైలో రమ్మని, ఒక్కటే వివరం అడిగాడు: మనిషి బరువెంత?

తూనిక యంత్రం తెచ్చి వరండాలో పెట్టి నేటికి తొమ్మిది రోజులు. ఆమె దాని మీద కాలు పెట్టడం లేదు.

"గుర్రం అడిగితే చెప్త," అంటుంది. "మీకెందుకు?"