సార్ ఎత్తిన చెయ్యి

ఏ.ఎస్. రావు నగర్‌లో మా అమ్మాయికి బూట్లు కొందామని స్పోర్ట్స్ దుకాణంలోకి వెళ్తే, అప్పుడే కవరు విప్పిన బాస్కెట్‌బాల్ రబ్బరు వాసన గుప్పుమంది. నలభై దాటిన మనిషిని, అక్కడే నిలబడిపోయాను.

చిన్నప్పుడు మేం మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా సందు దాటితే కాలేజీ గ్రౌండు. అక్కడి బాస్కెట్‌బాల్ కోచ్‌ను వాడంతా సార్ అనే పిలిచేది. ఆయన జట్టు ఏయే ఏడు ఏయే కప్పు తెచ్చిందో మా నాన్న రైళ్ల టైముల కంటే బాగా చెప్పేవాడు. ఎండాకాలం సెలవుల్లో రోజూ పొద్దున్నే సార్ మా వాడ పిల్లలకు ఆట నేర్పేవారు. వేపపూత రాలిన సిమెంటు కోర్టు, వట్టికాళ్లకు ఇంకా చల్లగా తగిలే నేల, ఎక్కడో ఇంజన్ కూత, ఆటయ్యాక సార్ భార్య స్టీలు గిన్నెలో పంపే వేడి గుడాలు, వాటి మీద ఉల్లిగడ్డ ముక్కలు. ఆ శనగల కోసమే సగంమందిమి వచ్చేవాళ్లమంటే అబద్ధం కాదు.

సార్‌కు ఒక పట్టింపు ఉండేది. ఆటలో ఎదుటివాళ్లకు మన దెబ్బ తగిలితే, విజిల్ పడకముందే మనంతట మనం చెయ్యెత్తాలి. "విజిల్ దాక ఎందుకాగుతరు? తగిలింది మీకు తెల్వదా?" అనేవారు. కాలేజీ జట్టుకూ అదే మాట.

నా పన్నెండో ఏట, సెలవుల చివర సైనిక్‌పురి పిల్లలతో పోటీ పెట్టారు. ఒక్క పాయింటు ముందున్నాం, క్షణాలే మిగిలాయి. వాళ్ల పిల్ల బంతి వేయబోతుంటే ఎగిరి అడ్డుపడ్డాను. నా అరచెయ్యి ఆమె మణికట్టు మీద చెళ్లుమంది. బంతి పక్కకు పోయింది. రెఫరీగా ఉన్న కాలేజీ కుర్రాడికి నా వీపే కనబడింది. నేను చెయ్యెత్తలేదు. గెలవాలని ఉంది, అంతే.

చెయ్యెత్తింది సార్. గీత బయట నిలబడి, నా వైపు చూడకుండా, రెఫరీ వచ్చేదాకా అలాగే ఉంచారు. "మావోళ్లదే ఫౌల్" అన్నారు. ఎవరిదో చెప్పలేదు. ఆ పిల్లకు రెండు షాట్లిచ్చారు, రెండూ వేసింది. మేం ఓడిపోయాం.

"సొంతోళ్లనే ఓడగొట్టిండు, గిట్ల సుత చేస్తరా?" అని మావాళ్లు గొణిగారు. సిగ్గులేకుండా నేనూ వాళ్లతో కలిసి గొణిగాను.

మర్నాడు కడుపునొప్పి అన్నాను. ఆ తర్వాత చదువన్నాను. "సార్ అడుగుతున్నరు, పోతలేవేంది?" అని నాన్న రెండుసార్లు అడిగితే, పుస్తకం ముందేసుకున్నాను. సార్ ఎదురొస్తే సందు మారేదాన్ని. అలా ఏళ్లు గడిచాయి, మేం క్వార్టర్లు ఖాళీ చేశాం.

పోయిన నెల ఆ కాలేజీలోనే సార్ సంస్మరణ సభ పెడితే వెళ్లాను. కోర్టు ఉన్నచోట కార్లు పెడుతున్నారు. రింగు లేదు, వేపచెట్లు లేవు. ఆనాటి రెఫరీ జుట్టు నెరిసింది. ఇప్పుడు ఆయనే ఒక కాలేజీకి కోచ్, ఆయన పిల్లలు నేటికీ విజిల్‌కు ముందే చెయ్యెత్తుతారట. మైకు ముందు ఆనాటి ఆట సంగతి చెప్పాడు.

"ఫౌల్ ఎవరిది సార్ అని నేనడిగిన. పేరు చెప్పలే. 'మంచి పిల్ల. రేపు పొద్దుగాల తనే వచ్చి చెప్తది' అన్నరు."

ఆ మర్నాడు సార్ ఎంతసేపు గేటు వైపు చూశారో నాకు తెలియదు. సభలోనైనా లేచి చెప్పాల్సింది. అందరూ చప్పట్లు కొడుతుంటే నేనూ కొట్టాను.