మూడేళ్లోడి సెల్యూట్

స్కౌట్ సెల్యూట్‌లో పైకి లేచేవి మూడు వేళ్లే గానీ దానికి అయిదూ కావాలి. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు నిటారుగా నిలబడాలి. చిటికెనవేలు వంగాలి, బొటనవేలు దాన్ని నొక్కిపట్టాలి. నా కుడిచేతికి మొదటి రెండూ లేవు. ఆరో తరగతి సెలవుల్లో మా ఇంటి వెనక చొప్ప కోసే మిషన్ వాటిని బర్రె మేతలో కలిపేసింది. బర్రె తిన్నదో లేదో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మాది కారేపల్లి దగ్గర ఊరు. మా దగ్గర వేళ్లను ఏళ్లంటారు. అందుకని ఖమ్మం దవాఖానా నుంచి కట్టుతో తిరిగొచ్చేసరికి బళ్లో నాకో పేరు సిద్ధంగా ఉంది. మూడేళ్లోడు. మూడు వేళ్లవాడన్నా అదే, మూడేళ్ల పసివాడన్నా అదే. "ఏరా మూడేళ్లోడా, పాలు తాగినవా?" అని అడిగేవాళ్లు, మా వీధి పిల్లలతో సహా. ఒకే మాటలో రెండు తిట్లు ఇరికించిన ఆ తెలివిగలవాడు ఇప్పుడు మిర్చి వ్యాపారంలో బాగానే ఉన్నాడు. ఎదురుపడితే ఇప్పటికీ అదే పేరుతో పిలుస్తాడు, పైగా భుజం తట్టి టీ తాగిస్తాడు. ఆ టీ నాకు ఏనాడూ రుచిగా లేదు.

ఆటల్లో నన్ను ఏ జట్టువాళ్లూ వేసుకునేవాళ్లు కాదు. బంతి పట్టలేనని వాళ్ల భయం. మా పీఈటీ సారు స్కౌట్ ట్రూపు పెడుతున్నానంటే అందులో చేరాను, వరుసలో నిలబడితే చాలు కదా అని. నిలబడితే చాలదని ప్రమాణం చేసే రోజు తెలిసింది. అందరూ మూడు వేళ్లెత్తి నిలబడ్డారు. నేను చేతిని జేబులో దాచుకున్నాను.

సారు దగ్గరికి వచ్చి ఆ చేతిని జేబులోంచి బయటికి లాగాడు.

"ఎన్ని ఉన్నయ్‌రా?"

"మూడు సార్."

"సెల్యూట్‌కు ఎన్ని గావాలె?"

"మూడు సార్."

"మరింక నీ బాధేంది? ఉన్నయి ఉన్నట్టు ఎత్తు."

ఎత్తాను. బొటనవేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు. వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. సారు నన్నొక్కణ్ని వదిలేసి ట్రూపు మొత్తాన్నీ ఎండలో గ్రౌండు చుట్టూ ఉరికించాడు. వాళ్లు రొప్పుతూ తిరుగుతుంటే నేను నీడలో చెయ్యెత్తి నిలబడి ఉన్నాను. నా చిన్నతనంలో నేను బాగా సుఖపడిన రోజు ఏదంటే అదే చెబుతాను. తోటివాళ్లు ఎండలో మాడుతుంటే సంతోషపడ్డావా అంటే, పడ్డాను.

ఆ తర్వాత స్కౌటింగ్ నన్ను వదల్లేదు, నేనూ దాన్ని వదల్లేదు. డిగ్రీలో రోవర్‌నయ్యాను. రోవర్ అంటే పెద్దవాళ్ల స్కౌట్, నిక్కరు పోయి ప్యాంటు వస్తుంది, అంతే తేడా. శ్రీరామనవమికి భద్రాచలంలో సేవ. మంచినీళ్ల ప్యాకెట్లు పంచడం, తప్పిపోయిన ముసలమ్మలను వాళ్ల వాళ్లకు అప్పగించడం, స్పృహ తప్పినవాళ్లను స్ట్రెచర్ మీద మోయడం. కల్యాణం మాత్రం ఒక్క ఏడూ కంటపడలేదు. జనం వీపులే చూశాం. గోదావరి పొంగి ఊళ్లు మునిగినప్పుడు పడవకు తాడు కట్టింది నా మూడు వేళ్లే. తాడు ముడి వేళ్లను లెక్కపెట్టదు. లెక్కపెట్టేది మనుషులు.

చదువయ్యాక పాల్వంచలో ఒక ఎలక్ట్రికల్ దుకాణంలో కుదిరాను. పొద్దంతా వైర్లు కొలిచి ఇవ్వడం, సాయంత్రం షిఫ్టు బస్సుల్లో వచ్చే వాళ్లకు ఫ్యాన్లు, బల్బులు చూపించడం. ఆ పనిలోనే ముసలాణ్నయిపోతానని భయంగా ఉండేది. తప్పించుకోవడానికి ఒకే దారి కనిపించింది. రోవర్లకిచ్చే పెద్ద అవార్డు చేతికొస్తే స్కౌట్ కోటాలో సర్కారు కొలువులకు అప్లై చేసుకోవచ్చు. అయితే ఇరవై అయిదు నిండితే రోవర్ గడువు ముగిసిపోతుంది. నాకు అప్పటికే ఇరవై నాలుగు దాటాయి. ఇప్పుడు రాకపోతే ఇక ఎప్పటికీ రాదు.

అవార్డు కావాలంటే ఏదైనా బళ్లో ఒక ట్రూపును తయారుచేసి నడిపించాలి. భద్రాచలం రోడ్డు మీద బస్సు దిగి, అడవిలోకి నడిచి వెళ్లే ఒక గూడెం బడిని ఎంచుకున్నాను. దగ్గర్లో మంచి బళ్లు లేకనా అంటే ఉన్నాయి. వాటిని మిగతా రోవర్లు ముందే పట్టేసుకున్నారు.

పిల్లలు ఇంట్లో కోయ మాట్లాడతారు. వాళ్లకు నా తెలుగు సగం తెలుసు, నాకు వాళ్ల భాష సుతరామూ తెలియదు. అందుకని నేను మాటలు తగ్గించుకున్నాను. "నేను చేసినట్టు చెయ్యుండ్రి" అనేవాణ్ని. చేసేవాళ్లు. తాడు నేను ఎలా తిప్పితే అలా తిప్పేవాళ్లు, విజిల్ ఎలా ఊదితే అలా. ఒకసారి మధ్యలో ముక్కు గోక్కుంటే వరుస మొత్తం శ్రద్ధగా ముక్కు గోక్కుంది. ఇంత చెప్పినట్టు వినే పిల్లలను నేను ఎక్కడా చూడలేదు. ప్రతి శనివారం దుకాణంలో బతిమాలి సెలవు తీసుకుని ఆ అడవిదారిన నడుస్తుంటే ఎవరో నాకోసం ఎదురుచూస్తున్నారన్న గర్వం ఉండేది.

వాళ్లలో ఒక అయిదో తరగతి పిల్ల లీడరు. పొడుగ్గా ఉండేది, గొంతు పెద్దది. ఒకరోజు ఆట మధ్యలో నన్ను పక్కకు పిలిచి, చెవిలో చెప్పినట్టు అడిగింది.

"సారూ, పెద్ద బ్యాడ్జి వస్తే మాకు గూడ కోస్తరా?"

అర్థం కాలేదు. ఆ పిల్ల నా చేతిని చూపించింది. "దేంతోని కోస్తరు?" అంది. మొహంలో భయం ఉంది గానీ వెనక్కి తగ్గే ఉద్దేశం మాత్రం లేదు. నేను నవ్వి నవ్వి నేల మీద కూలబడ్డాను. "ఎవ్వరూ కొయ్యరు, పో" అన్నాను. ఆ పిల్ల వెళ్లి మిగతావాళ్లకు ఆ కబురు చెప్పింది. కొందరు కాస్త నిరాశపడ్డట్టే కనిపించారు.

ఆ రోజైనా నాకు బుర్ర వెలగాల్సింది. వెలగలేదు.

ఎండాకాలం ముందు మా అవార్డు పరీక్షల క్యాంపు జరిగింది. పరీక్షాధికారి రిటైరైన హెడ్మాస్టరు. అందరూ పెద్దసారు అనేవాళ్లు. చొక్కా మీద ఖాళీ లేకుండా బ్యాడ్జీలు, గొంతు మాత్రం చాలా మెత్తన. కేకలేసి తిట్టేవాళ్లను భరించవచ్చు. మెత్తగా మాట్లాడే క్రూరుల ముందు మనిషికి దిక్కు తోచదు. ముడులు, మ్యాపు, ప్రథమ చికిత్స అన్నింటిలో గట్టెక్కాను. చివరగా సెల్యూట్ చేశాను. ఆయన నా చేతికేసి తాపీగా చూశాడు.

"మూడు వేళ్లు ప్రమాణంల మూడు మాటలకు గుర్తు గద బాబూ. నిలబడాల్సినయి రెండు లేకపాయె. ఆ రెండు మాటలు ఎవరికిచ్చినవ్?"

చుట్టూ ఉన్న రోవర్లు నవ్వారు. వాళ్లలో నాతో గోదావరి వరదలో పడవలు లాగినవాళ్లూ ఉన్నారు. వేళ్లు లేనివాడు సెల్యూట్ చేయకూడదని ఏ పుస్తకంలోనూ లేదు సార్ అన్నాను. "పుస్తకం నాకు జెప్తవా?" అన్నాడు, అదే మెత్తని గొంతుతో. "సరే, నీ ట్రూపును జూసినంక జెప్త."

చెప్పినట్టే ఒక పొద్దున కిరాయి కారులో గూడెం బడికి వచ్చాడు. నేను ముందే చేరుకుని వాకిలి ఊడ్పించి, జెండా కర్రకు సున్నం కొట్టించి, పిల్లలకు స్కార్ఫులు సరిచేసి వరుసలో నిలబెట్టాను. పెద్దసారు కారు దిగగానే లీడరు పిల్ల అడవి దద్దరిల్లేలా అరిచింది.

"ట్రూప్! సెల్యూట్!"

చేతులన్నీ ఒక్కసారే లేచాయి. బాగా వచ్చిందనుకున్నాను. పెద్దసారు అడుగు తీసి అడుగు వేయలేదు. వరుసను అలా చూస్తూ ఉండిపోయాడు. ఆయన చూపు వెంట నేనూ చూశాను.

బొటనవేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు. అన్ని చేతులూ అవే ఎత్తాయి. చూపుడువేలు, నడిమివేలు అరచేతిలోకి ముడుచుకున్నాయి. అలా ముడిచి మిగతావి ఎత్తడం చాలా కష్టం, కావాలంటే చేసి చూడండి. నడిమివేలిని వంచితే ఉంగరపువేలు కూడా దాని వెంటే వంగిపోతుంది. చిన్నపిల్లలు కొందరు ఎడమచేత్తో ఆ రెండు వేళ్లనూ అదిమిపట్టుకుని, నాలుక కొరుక్కుంటూ నిలబడ్డారు. ఇన్ని నెలలూ ప్రతి శనివారం వాళ్లు ఇలాగే చేశారు. నా కంటికి ఏ తప్పూ కనబడలేదు. ఎలా కనబడుతుంది? చిన్నప్పటినుంచీ అద్దంలో నేను చూసుకున్న సెల్యూట్ అదే.

పెద్దసారు నవ్వడం మొదలుపెట్టాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. ఏమైందోనని కారు డ్రైవరు కూడా వచ్చి చూశాడు. ఫోను తీసి వరుస ఈ చివరినుంచి ఆ చివరిదాకా వీడియో తీస్తూ, "గ్రూపుల పెడ్త. చూస్తే మనోళ్లు నవ్వి నవ్వి నెలరోజులు అన్నం తినరు" అన్నాడు. ఫోను చూడగానే పిల్లలు ఇంకా నిటారుగా నిలబడ్డారు. వాళ్లకేం తెలుసు, మెచ్చుకుంటున్నాడనుకున్నారు.

తర్వాత ఫోను జేబులో పెట్టుకుని నావైపు తిరిగాడు.

"నువ్వే సరిచెయ్. నా ముంగట. ఒక్కొక్కరికి. గప్పుడు పాస్ చేస్త."

కాదని చెప్పి ఉండొచ్చు. ఆయన కారు తలుపు తీసి, దయచేయమని చెప్పి ఉండొచ్చు. ఆ మాటలు ఇప్పుడు బాగానే తోస్తున్నాయి. అప్పుడు నా తలలో ఉన్నది దుకాణంలో వైరు కొలిచే టేపు ఒక్కటే.

వరుస మొదట్నుంచి మొదలుపెట్టాను. ఒక్కొక్కరి చేతినీ పట్టుకుని, ముడిచిన చూపుడువేలు విప్పి నిలబెట్టాను. నడిమివేలు నిలబెట్టాను. చిటికెనవేలు వంచి బొటనవేలు దాని మీద పెట్టాను. ఆ పనంతా చేసింది నా మూడు వేళ్లే. తనకు లేని వేళ్లను ఎదుటివాళ్లకు దిద్దడం అంత హింస ఇంకోటి లేదు. పిల్లలు నా మొహంలోకి చూశారు. కొత్త ఆట అనుకున్నవాళ్లు నవ్వారు. ఒకడు నేను పక్కకు జరగగానే మళ్లీ పాత పద్ధతిలోకి వచ్చేశాడు. పెద్దసారు వాణ్ని చూపించి, "వెనక్కి వో" అన్నాడు. వెనక్కి వెళ్లి మళ్లీ దిద్దాను.

ఆఖరున లీడరు పిల్ల. చేయి నా చేతికి ఇవ్వలేదు. నా చేతినీ, వరుసలో కొత్తగా లేచిన వేళ్లనూ మార్చి మార్చి చూసింది.

"గట్లయితే సారూ, మీది తప్పా?"

నేను పెద్దసారు వైపు చూశాను. ఎందుకు చూశానో తెలియదు, ఆయనేమైనా అడ్డుపడతాడనుకున్నానేమో. ఆయన చేతులు కట్టుకుని చిరునవ్వుతో నిలబడ్డాడు.

"అడుగుతాంది గద, చెప్పు బాబూ."

"అవ్ బిడ్డా," అన్నాను. "నాది తప్పు."

ఆ పిల్ల చెయ్యి ఇచ్చింది. వేళ్లు దిద్దాను. పెద్దసారు శభాష్ అన్నాడు, నిజంగానే మెచ్చుకుంటూ. నా మీద ఆయనకు పగ లేదు, అదే నాకు ఎక్కువ మంట. పిల్లలకు బిస్కట్లు పంచి, కారెక్కి, పాల్వంచ దాకా దింపుతానన్నాడు. ఎక్కాను. దారి పొడుగునా నియమం ఎంత గొప్పదో చెబుతూనే ఉన్నాడు. ఆ మనిషిని ఇప్పటికీ అసహ్యించుకుంటాను. అవార్డు మాత్రం వచ్చింది. కొలువుకు అప్లై చేశాను, పిలుపు కోసం చూస్తున్నాను.

పెద్దసారు వచ్చిపోయిన తర్వాతి శనివారం గూడెం వెళ్లాలనిపించలేదు. వెళ్లకపోతే పిల్లలు రోడ్డు దాకా వచ్చి చూస్తారని వెళ్లాను. వరుస సిద్ధంగా ఉంది. లీడరు పిల్ల అరిచింది. చేతులు లేచాయి. చక్కగా, పుస్తకంలో బొమ్మ ఉన్నట్టే, మూడు వేళ్లూ నిటారుగా. ఎడమచేత్తో ఎవరూ ఏదీ అదిమిపట్టుకోలేదు. అలవాటు కొద్దీ నేను కూడా నా చెయ్యి ఎత్తాను.

వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకొకరు. చిన్నవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అన్ని నెలల్లో ఆ బళ్లో నా చెయ్యిని చూసి ఎవరూ నవ్వలేదు. సరైనది ఏదో తెలియనంత కాలం నవ్వడానికి వాళ్లకేమీ దొరకలేదు.

లీడరు పిల్ల నవ్వలేదు. గిర్రున వెనక్కి తిరిగి వరుసను గదమాయించింది.

"నవ్వకుండ్రి! పాపం, సారుకు ఏళ్లు లెవ్వు."