సీ డ్రైవ్‌లో ఉన్న పాటలు

మొన్న నేను పనిచేసే కాలేజీ ల్యాబ్‌కు తెలిసినాయన ఒక పాత సీపీయూ తెచ్చాడు. పక్క రేకు విప్పి బ్లోయర్ పెట్టగానే ఎర్రటి కారం దుమ్ము గుప్పున లేచింది. ఒకటే తుమ్ములు, కళ్ళ నిండా నీళ్ళు. గుంటూరులో కంప్యూటర్ విప్పితే ముందు కారమే పలకరిస్తుందని నాకు మొదట చెప్పింది ఖాసిం గారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, డిగ్రీ అయిపోగానే, ఆయన షాపులో పనికి చేరాను. విడిభాగాలు తెచ్చి కంప్యూటర్లు బిగించి, విండోస్ ఎక్కించి ఇచ్చేవాళ్ళం. నాకు అన్నిటికీ తొందరే. ఆయన మాత్రం పాత మెషీన్‌కు మళ్ళీ విండోస్ వేయాలంటే, దాని యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క ఫోల్డరూ తెరిచి, "ఇది ఉంచాలాండీ? మరి ఇది?" అని అడిగేవారు. నేను విసుక్కుంటే, "మనకవి ఫైళ్ళేనమ్మా. వాళ్ళకేంటో మనకేం తెలుసు?" అనేవారు.

ఒకరోజు ఆయన ఒంగోలు వెళ్ళినప్పుడు, పెదకాకాని నుంచి సుబ్బారావు గారనే రైతు వైరస్ పట్టిన మెషీన్ తెచ్చారు. కళ్ళంలో మిరపకాయలు ఎండబోసి వచ్చానని, మర్నాడు తీసుకెళ్తానని హడావిడిగా వెళ్ళిపోయారు. నేను ఆపలేదు, అడగలేదు. డీ డ్రైవ్ నిండా సినిమాలూ ఫొటోలూ కనిపిస్తే, దాచుకున్నవన్నీ అక్కడే ఉన్నాయనుకుని సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టేశాను. మనవాళ్ళు ఏదైనా డెస్క్‌టాప్ మీదే పెట్టుకుంటారనీ, అదంతా సీ డ్రైవ్‌లోనే ఉంటుందనీ తెలిసి కూడా చూడలేదు.

మర్నాడు షాపులోనే మెషీన్ ఆన్ చేసి చూపిస్తే, సుబ్బారావు గారు తెరంతా వెతికారు.

"మా పాప పాటలు కనపడట్లేదేంటమ్మా? మైకు పెట్టుకుని పాడింది. ఇక్కడే, ముందే ఉండేయి."

ఆ పాప అంతకుముందు వానాకాలంలో జ్వరం వచ్చి చనిపోయిందట. నేను నోరు తెరిచేలోపే ఖాసిం గారు లేచి నిలబడ్డారు.

"రాత్రి ఒంగోలు నుంచి వచ్చాక నేనే చేశానండి. చూసుకోలేదు. తప్పు నాదే."

నాలుగు రోజులు షాపు పని పక్కన పెట్టి, పోయినవి వెనక్కి తేవాలని చూశారాయన. పాటల పేర్లు వచ్చాయి. గొంతు రాలేదు. నేను ఏడుస్తుంటే, "నువ్వింకా ఈ పని చేసుకు బతకాలమ్మా. నన్ను తిడితే తిట్టనీ. ఇకనుంచి అడుగు, అంతే" అన్నారు. సుబ్బారావు గారు మళ్ళీ మా షాపు మెట్లెక్కలేదు.

కొన్నేళ్ళకు ఖాసిం గారు గుండెపోటుతో పోయారు. ఆ రోజు వాళ్ళింటి ముందు సుబ్బారావు గారు కనిపించారు. "మంచోడేనమ్మా. కానీ నా బిడ్డ గొంతు తుడిచేశాడు. అదొక్కటే మనసులోంచి పోదు" అన్నారు. చెప్పేయాలనుకున్నాను. చెప్పలేదు. సిగ్గులేకుండా తల ఊపాను.

మొన్న సీపీయూ తెచ్చినాయనను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క ఫోల్డరూ తెరిచి చూపిస్తుంటే, "ఇంతసేపా మేడం?" అన్నాడు. అవునన్నాను.

సుబ్బారావు గారూ, ఇది మీ కంట పడుతుందో లేదో తెలియదు. మీ పాప పాటలు తుడిచింది ఖాసిం గారు కాదండీ. నేను.