బిక్షపతి స్కూటరు మొక్కు

మెదక్‌లో కాలినడకన పోవడం అంత తేలిక కాదు. రోడ్డు మీద పది అడుగులు వేస్తే చాలు, వెనక నుంచి వచ్చిన బండి పక్కన ఆగుతుంది. "ఎక్కుండ్రి తాతా" అంటారు. వద్దంటే మొహం మాడ్చుకుంటారు. ఒకసారి నేను పెరుగు కోసం రాందాస్ చౌరస్తాకు బయల్దేరి, ఎవరి మనసూ నొప్పించలేక వరసగా మూడు బండ్లెక్కి, మధ్యాహ్నానికి మనోహరాబాద్ స్టేషన్లో తేలాను. మా ఆవిడ నేటికీ నమ్మదు. పెరుగు తేలేదన్నది మాత్రం నమ్ముతుంది.

నాకే ఇలా ఉంటే మెకానిక్ బిక్షపతి సంగతి చెప్పాలా? బస్టాండు పక్క సందులో ఇరవై ఆరేళ్ళుగా షాపు. ఆయన చెయ్యి పడని బండి ఊళ్ళో లేదు. చిన్న పీట మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్తాడు. పొద్దున ఆ పీట ఎక్కితే దీపాలు పెట్టేదాకా దిగడు. మూడు పూటలా అన్నం, గంటకో చాయ్, అందులో మూడు చెంచాల చక్కెర. మందు మాత్రం జన్మలో ముట్టలేదు.

ఆయనకు ఒక్కతే చెల్లెలు, యాదలక్ష్మి. కౌడిపల్లిలో ఇచ్చారు. నిరుడు ఆమె కాలేయం పాడైంది. కళ్ళు పచ్చబడ్డాయి, పొట్టలో నీరు చేరింది. అయినవాళ్ళెవరైనా తమ కాలేయంలో ముక్క ఇస్తే తప్ప బతకదని హైదరాబాద్ దవాఖానలో తేల్చారు. ఇంటిల్లిపాదిలో బిక్షపతి రక్తం ఒక్కటే కలిసింది. తీరా స్కానింగ్ చూసి డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మీ లివర్‌లో నూటికి ఇరవై రెండు పాళ్ళు కొవ్వు ఉంది. ఇది పనికిరాదు."

"మేడం, దుర్గమ్మ మీద ఒట్టు. నేను చుక్క ముట్టలే."

"తాగనివాళ్ళకూ వస్తుంది. కూర్చుని చేసే పని, తిండి, చక్కెర, అన్నీ కలిసి తెస్తాయి. ఎనిమిది వారాలు చూద్దాం. అంతకు మించి ఆపరేషన్ తేదీ పెట్టకుండా ఆగలేం. అన్నం సగం చేయండి. రోజూ గంటసేపు చెమట పట్టేలా నడవండి."

"ఏమన్న గోలీలు రాయుండ్రి మేడం."

"నడకే గోలీ."

బయట బెంచీ మీద యాదలక్ష్మి ఉంది. "ఏమన్నరన్నా?"

"మస్తుగున్నదన్నరు" అన్నాడు బిక్షపతి. అక్కడి నుంచి ఆయనకు కుదురు పోయింది.

మర్నాడు తెల్లవారుతూనే కుల్చారం రోడ్డు పట్టాడు. ఇరవై నిమిషాల్లో ఏడు బండ్లు ఆగాయి. "బిక్షపతన్నా, నువ్వు నడుసుడేంది? మా బండ్లకు నామోషి. ఎక్కు!" కారణం చెప్తే మధ్యాహ్నానికల్లా కౌడిపల్లి చేరుతుంది. ఏం చెప్పలేక ఎనిమిదో బండి ఎక్కి ఇంటికొచ్చాడు. రెండో రోజూ అంతే.

మూడో రోజు షాపు మూలన పడి ఉన్న పాత స్కూటరు బయటికి లాగి, తోసుకుంటూ బయల్దేరాడు. బండి తోసుకుపోయేవాణ్ణి ఎక్కమనేదెవరు? కానీ మనవాళ్ళు ఊరుకుంటారా? "జరుగన్నా, నేనొక కిక్కు కొట్టి చూస్త" అని దిగారు. అందుకని ప్లగ్గు ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇక బ్రహ్మదేవుడు తన్నినా అది లేవదు.

అలా నెల గడిచింది. "గా ఒక్క స్కూటర్ బాగు చేస్తలేడు, బిక్షపతికి చెయ్యి పోయింది" అని ఊళ్ళో మాట పుట్టింది. బండ్లు పక్క షాపుకు పోసాగాయి. అది కూడా ఆయనకు పట్టలేదు. పీట మీద కూర్చోలేక నిలబడే పానాతో బోల్టులు తిప్పేవాడు. కుడివైపు పక్కటెముకల కింద వేలు పెట్టి నొక్కి చూసుకునేవాడు. ఇంజన్ లోపలిది వినిపించే మనిషికి తన లోపలిది ఎంతకూ వినిపించలేదు. రోజుకు మూడుసార్లు బస్టాండులో తూకం మిషన్ ఎక్కేవాడు. ముప్పై రోజులకు తగ్గింది ఒక్క కిలో.

ఒక పొద్దున నేను రోడ్డు పక్క మోరీ గట్టు మీద కూర్చుని ఉండగా, చెమట తుడుచుకోవడానికి వంగిన బిక్షపతి జేబులోంచి ప్లగ్గు జారి నా కాళ్ళ దగ్గర పడింది.

"ఇదేందిరా? దీని జాగ ఇంజన్ల కదా?"

అటూ ఇటూ చూసి, స్కూటరుకు స్టాండు వేసి, మొత్తం చెప్పాడు. "తాతా, నీ కాళ్ళు మొక్కుత. ఎవరికీ చెప్పకు. యాదలక్ష్మికి తెలిస్తే ఆశ ఇడుస్తది."

కాన్వెంటులో సిస్టర్లు ఎనిమిదేళ్ళు శ్రమపడి నాకు నిజం చెప్పడం నేర్పారు. ఆ చదువు ఇక్కడ పనికిరాలేదు. నేరుగా చాయ్ హోటల్ బాలనర్సమ్మ దగ్గరకు పోయి చెవిలో వేశాను. "ఏడుపాయల దుర్గమ్మ బిక్షపతి కలలకొచ్చిందట. అరవై దినాలు బండి తొయ్యమన్నదట. మధ్యల ఎవరన్న కిక్కు కొడితే వాళ్ళ బండి ఆర్నెల్లు లెవ్వదట."

పదింటికల్లా ఊరంతా పాకింది, సాయంత్రానికి కౌడిపల్లికీ చేరింది. మర్నాటి నుంచి బిక్షపతిని ఎవరూ ఆపలేదు. హ్యాండిల్‌కు నిమ్మకాయలు కట్టారు, హెడ్‌లైటుకు బొట్టు పెట్టారు, సీటు మీద కొబ్బరికాయలు పెట్టారు. ఆ బరువుకు చెమట ఇంకాస్త పట్టింది. పుణ్యమొస్తుందని బియ్యం కొట్టు నర్సింగం రోజూ వెనకే నడిచాడు. ఆయన షుగరు దిగింది. ఇది నేను కల్పించింది కాదు.

ఎనిమిదో వారం హైదరాబాద్ బస్సులో నేను తోడు పోయాను. సీటు ఖాళీగా ఉన్నా బిక్షపతి కూర్చోలేదు. రాడ్డు పట్టుకుని నిలబడి, నర్సాపూర్ దాటేలోగా నాలుగుసార్లు అడిగాడు.

"మొత్తం రెండు కిలోలే తాతా. రెండు కిలోలకు ఏమైతది?"

నాలుగుసార్లూ నేను ఖాళీ సీటు చూపించాను.

యాదలక్ష్మి కూడా ఆ రోజు చూపించుకోవడానికి వచ్చి ఉంది. ఆమె ముందే డాక్టరమ్మ కొత్త స్కానింగ్ రిపోర్టు తెరిచింది. "తొమ్మిది" అంది. "ఇరవై రెండు నుంచి తొమ్మిదికి వచ్చింది. ఒంటి బరువు పెద్దగా దిగకపోయినా, రోజూ ఒళ్ళు వంచితే లివర్‌లో కొవ్వు తగ్గుతుంది. తూకం మిషన్‌కు అది కనబడదు. ఇక మీ లివర్ ముక్క తీసుకోవచ్చు. ఇరవై రోజుల్లో ఆపరేషన్. కానీ నడక ఆపారో, మళ్ళీ పేరుకుంటుంది."

యాదలక్ష్మి అన్న భుజం మీద పిడికిలితో గుద్దింది. "మస్తుగున్నదంటివి? గా మొక్కు గూడ అబద్ధమేనా?"

"అబద్ధం నాది కాదు, తాతది" అన్నాడు బిక్షపతి ఏడుస్తూ.

ఆపరేషన్ దాకా చెల్లెల్ని మెదక్‌లో తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. వారం తిరగకముందే చాయ్ హోటల్లో బాలనర్సమ్మ నన్ను పట్టుకుంది. ఆ పక్కనే బల్ల మీద యాదలక్ష్మి కూర్చుని ఉంది.

"అరవై దినాలు దాటె కదా తాతా. మొక్కు తీరినంక గూడ తోస్తుండేంది?"

నేను తడుముకున్నాను. నా జన్మలో అలా తడుముకోవడం అదే మొదలు.

"ఇంకో ఇర్వై దినాలు పెంచింది అమ్మవారు" అంది యాదలక్ష్మి నెమ్మదిగా. "ఈసారి నా కలలకొచ్చిందక్కా."

బాలనర్సమ్మ చేతులు జోడించింది. చౌరస్తా మలుపు దగ్గర బిక్షపతి వెనక్కి తిరిగి చూడలేదు. నిమ్మకాయలు ఊగుతుంటే, స్కూటరును ఇంకా జోరుగా తోస్తున్నాడు.